గేటు దగ్గర జనం లెక్క

పోయిన నెల ఈ శీర్షికలో అమ్యూజ్‌మెంట్ పార్కుల గురించి నాలుగు మాటలు రాశాను. అప్పటి నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే విషయం అడుగుతున్నాయి: ఏటా ఎంతమంది వస్తారు, ఎందుకు పెరుగుతారు, ఎందుకు తగ్గుతారు అని. హైదరాబాద్ శివారులో ఒక పార్కులో పదిహేడేళ్లు పనిచేశాను. మొదట టికెట్ కౌంటర్లో కూర్చున్నాను, తర్వాత గేటు ఇన్‌చార్జిగా ఉన్నాను. ఈ లెక్కలంటే నాకు ప్రాణం. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను.

మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు నేనూ మా ఆవిడా ఓర్లాండోలో డిస్నీ వాళ్ల పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌కు రెండు రోజులు వెళ్లాం. అక్కడికి ఏడాదికి కోటీ డెబ్బై లక్షల మందికి పైగా వస్తారని పేపర్లో చదివాను. వాళ్లను ఎవరు లెక్కపెట్టారమ్మా? ఆ లెక్కలో మేము ఇద్దరమా, నలుగురమా?
*– రిటైర్డ్ టీచర్, తెనాలి*

నలుగురే మాస్టారూ. పార్కు లెక్కలో మనుషులు ఉండరు, ప్రవేశాలు ఉంటాయి. ఒకే మనిషి నాలుగు రోజులు వస్తే నలుగురి కింద లెక్క. ఏడాది పాస్ తీసుకుని నెలకు రెండుసార్లు వచ్చే స్థానికుడు ఒక్కడే ఇరవై నాలుగు మంది అవుతాడు. కాబట్టి కోటీ డెబ్బై లక్షలు అన్న మాట వినగానే అంతమంది వేరువేరు మనుషులని అనుకోకూడదు.

ఇక ఎవరు లెక్కపెట్టారన్నది. డిస్నీ సంస్థ ఏ పార్కుకు ఎంతమంది వచ్చారో విడివిడిగా బయట పెట్టదు. మీరు చదివిన అంకె టీఈఏ అనే పరిశ్రమ సంఘం ఏటా వేసే నివేదికలోది అయి ఉంటుంది. ప్రపంచంలో ఈ రంగంలో అందరూ చూసేది దాన్నే. కానీ డిస్నీ పార్కుల విషయంలో అది అంచనా. మ్యాజిక్ కింగ్‌డమ్‌కు 2019లో 2 కోట్ల 9 లక్షలు, 2023లో 1 కోటీ 77 లక్షలు అని అందులో వేశారు. పేపర్లు అంకెను వేసి ‘అంచనా’ అన్న మాట వదిలేస్తాయి. నాకు బాధ కలిగించేది అదే.

అసలు గేటు దగ్గర లెక్క ఎలా ఉంటుందో నేను చూసింది చెబుతాను. సాయంత్రం ఏడింటికి టర్న్‌స్టైల్ మీద మీటరు చూసి పుస్తకంలో రాసుకునేదాన్ని. మీరు చూసే ఉంటారు, మూడు ఇనుప చేతులు ఉండి ఒక్కొక్కరినే తిప్పి లోపలికి వదిలే గేటు అది. పక్కన కౌంటర్ల వాళ్లు అమ్మిన టికెట్ల లెక్క తెచ్చేవాళ్లు. రెండూ కలిసిన రోజు నాకు ఒక్కటీ గుర్తులేదు. ఒక ఆదివారం యాభై మూడు తేడా వచ్చింది. కూర్చుని ఒక్కొక్కటే తీశాం. ఐస్‌క్రీమ్ స్టాల్ కుర్రాళ్లు పాల డబ్బాలతో అదే గేటులోంచి మూడేసి సార్లు తిరిగారు. టికెట్ అక్కర్లేని చంటిపిల్లల్ని దింపి నడిపించారు కాబట్టి వాళ్లకూ గేటు తిరిగింది. ఒకాయన కారులో మందులు మరిచిపోయి బయటికి పోయి వచ్చాడు. కాంప్లిమెంటరీ పాసుల వాళ్లు సరేసరి. అన్నీ తీసేసినా రెండు తేలలేదు. పుస్తకంలో ఆ రెండూ అలాగే రాసి సంతకం పెట్టాను. ఒక్క పార్కు, ఒక్క రోజు లెక్కే ఇలా ఉంటే, ఏడాది లెక్కను చివరి అంకె దాకా నమ్మాలా, సుమారుగా తీసుకోవాలా అన్నది మీకే తెలుస్తుంది మాస్టారూ.

ఇంటిల్లిపాదీ పార్కుకు వెళ్లాలంటే టికెట్లకే వేలు అవుతున్నాయి. తిండి, లాకర్, బండి పార్కింగ్ వేరే. ఇలా ధరలు పెంచుతూ పోతే జనం తగ్గరా అక్కా?
*– కిరాణా వ్యాపారి, నిజామాబాద్*

తగ్గుతారు తమ్ముడూ. దీనికి పెద్ద ఉదాహరణే ఉంది. అమెరికాలో సిక్స్ ఫ్లాగ్స్ అని పార్కుల గొలుసు కంపెనీ. అక్కడ ఏళ్ల తరబడి తగ్గింపు టికెట్లు, చవక సీజన్ పాసులు ఇచ్చి జనాన్ని రప్పించేవాళ్లు. కొత్త యాజమాన్యం వచ్చి, గుంపు తగ్గినా ఫర్వాలేదు, వచ్చినవాళ్లు ఎక్కువ ఖర్చుపెడితే చాలని తగ్గింపులు కోసేసి ధరలు పెంచింది. 2021లో 2 కోట్ల 77 లక్షలున్న జనం 2022లో 2 కోట్ల 5 లక్షలకు పడిపోయారు. నాలుగో వంతు పైనే పోయింది. ఒక్కో మనిషి పెట్టే ఖర్చు పెరిగిన మాట నిజమే, కానీ మొత్తం ఆదాయం 9 శాతం తగ్గింది. మరుసటి ఏడాది జనం కొంత కోలుకున్నా పాత అంకె రాలేదు.

అలాగని ధర పెరిగిన ప్రతిచోటా ఇదే జరుగుతుందని రాయలేను. టోక్యోలో డిస్నీ పార్కులు రెండున్నాయి. వాటిని నడిపే ఓరియంటల్ ల్యాండ్ కంపెనీ రెండింటి జనాన్నీ కలిపి తనే ప్రకటిస్తుంది కాబట్టి అది అంచనా కాదు. 2018-19లో 3 కోట్ల 25 లక్షలు వచ్చారు, ఇప్పటికీ అదే రికార్డు. 2023-24లో వచ్చింది 2 కోట్ల 75 లక్షలే. కానీ ఆదాయంలో మాత్రం ఆ ఏడాదే అప్పటిదాకా రికార్డు. వాళ్లు రోజుకు లోపలికి వదిలే జనాన్ని కావాలనే తగ్గించారు. రద్దీ రోజుకు ఒక ధర, ఖాళీ రోజుకు ఒక ధర పెట్టారు. లోపల క్యూ తగ్గింది, మనిషి ప్రశాంతంగా తిరిగాడు, తిన్నాడు, బొమ్మలు కొన్నాడు. రెండుచోట్లా పెంచింది ధరే, జనం తగ్గింది రెండుచోట్లా నిజమే. టోక్యోలో డబ్బు తీసుకుని దానికి బదులుగా ఏదో ఇచ్చారు. నా ఉద్దేశంలో తేడా అక్కడుంది.

మన దగ్గర విషయానికొస్తే, 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పార్కు టికెట్ మీద 28 శాతం వేశారు. 2018 జనవరి 25 నుంచి 18కి తగ్గించారు. ఆ రాత్రి పాత టికెట్ కట్టల మీద కొత్త ధర రబ్బరు స్టాంపు వేస్తూ కూర్చున్నాం, తెల్లారేసరికి చేతులు నీలం సిరా అయిపోయాయి. జనం పెరిగారా అంటే, వేసవిలో ఎటూ వచ్చేవాళ్లు వచ్చారు. తేడా కనబడింది మామూలు రోజుల్లో. బేరం ఆడి వెనక్కి తిరిగిపోయే నలుగురైదుగురు కుర్రాళ్ల గుంపులు కొన్ని ఆగి టికెట్ కొన్నాయి.

కొత్త రైడ్ పెడితే జనం పెరుగుతారంటారు. నిజమేనా మేడమ్?
*– ఇంజనీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం*

ఒక్కోసారి ఊహకు అందనంత పెరుగుతారు. ఓర్లాండోలో యూనివర్సల్ వాళ్ల ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కుకు 2009లో 46 లక్షల ప్రవేశాలని అంచనా. 2010 జూన్‌లో హ్యారీ పోటర్ ఊరిని కట్టి తెరిచారు. 2011కు అది 76 లక్షలు దాటింది. రెండేళ్లలో అంత పెరుగుదల ఈ రంగంలో అరుదు.

ఇంకో ఉదాహరణ కూడా చూడు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో 2019 మే చివర స్టార్ వార్స్ పేరుతో పెద్ద కొత్త విభాగం తెరిచారు. తొక్కిసలాట అవుతుందేమోనని అందరూ భయపడ్డారు. ఆ ఏడాది అంచనా ముందు ఏడాదితో సరిసమానంగా, 1 కోటీ 86 లక్షల దగ్గరే ఆగింది. గుంపు ఉంటుందని భయపడి స్థానికులు తర్వాత వెళ్దాంలే అనుకున్నారు. ఏడాది పాసుల వాళ్లను కొన్ని రోజులు పార్కు వాళ్లే రావద్దన్నారు. జనం వస్తారన్న టెన్షనే జనాన్ని ఆపేసింది.

కరోనాలో ఈ పార్కులు ఎంత దెబ్బతిన్నాయి?
*– పాఠకురాలు, కర్నూలు*

మ్యాజిక్ కింగ్‌డమ్ అంచనా 2 కోట్ల 9 లక్షల నుంచి 2020లో 69 లక్షలకు పడింది. టోక్యో పార్కులు 2020-21లో 75 లక్షలతో సరిపెట్టుకున్నాయి. మా పార్కులో మార్చిలో గేటుకు తాళం వేశాక, వేవ్ పూల్ నీళ్లు పాడవకుండా ఇద్దరు పంప్ ఆపరేటర్లు రోజూ వచ్చి మోటార్లు తిప్పేవాళ్లు. లోపల ఒక్క పిల్లవాడి గొంతు లేకుండా ఖాళీ కొలనులో అలలు లేవడం చూశాను. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

హైదరాబాద్ పార్కులకు ఏడాదిలో ఎప్పుడు జనం ఎక్కువ? ఒక ఏడాది ఎక్కువ, ఒక ఏడాది తక్కువ ఎందుకవుతుంది?
*– ట్రావెల్స్ నడిపే పాఠకుడు, సూర్యాపేట*

మీ బస్సుల డైరీ తిరగేయండి, జవాబు అందులోనే ఉంటుంది. ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసిన దగ్గర నుంచి జూన్‌లో తెరిచే దాకా మాకు పంట. ఏడాది ఆదాయంలో పెద్ద ముక్క ఆ ఏడెనిమిది వారాల్లోనే రావాలి. జులై, ఆగస్టుల్లో వానలు, ఫీజులు, పుస్తకాల ఖర్చు, దాంతో జనం పలచబడతారు. దసరా సెలవుల్లో మళ్లీ లేస్తారు. నవంబరు, డిసెంబరు నెలలు స్కూల్ పిక్నిక్‌లవి. పొద్దున్న తొమ్మిదింటికే పసుపు బస్సులు వరుసకడతాయి, పీఈటీ సార్లు విజిల్ వేస్తూ పిల్లల్ని లెక్కపెట్టి లోపలికి పంపిస్తారు. సంక్రాంతికి ఆంధ్రా వైపు వాళ్లు ఊళ్లకు వెళ్లిపోతే నగరమే సగం ఖాళీ. అయినా ఇక్కడే ఉండిపోయిన వాళ్లు పిల్లలతో వస్తారు. ఫిబ్రవరి, మార్చి పరీక్షలు, అప్పుడు గేటు దగ్గర ఈగలు తోలుకోవడమే.

ఇక ఒక ఏడాదికీ ఇంకో ఏడాదికీ తేడా ఎందుకంటే, ఆ ఏడెనిమిది వారాల్లో ఏం జరిగిందో చూడాలి. 2024నే తీసుకోండి. మే 13న తెలంగాణలో లోక్‌సభకు, ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీకీ లోక్‌సభకూ కలిపి పోలింగ్. వేసవి సెలవుల నడిమధ్య వారాంతానికి అతుక్కుని వచ్చింది. శుక్రవారం సాయంత్రం నుంచే విజయవాడ హైవే మీద కార్లు బారులు తీరాయి. శని, ఆదివారాలు మాకు నిండాల్సిన రోజులు. లాకర్ గది తాళాలు సగానికి పైగా బోర్డు మీదే వేలాడుతున్నాయి. ఆ వారం పోయిన జనం తర్వాతి వారం అదనంగా రాలేదు. పిల్లలకు మామిడిపళ్ల కాలం, అమ్మమ్మగారి ఊళ్లోనే ఉండిపోయారు. దీనికి తోడు ఎండలు. మామూలు ఎండ వాటర్ రైడ్లకు జనాన్ని తెస్తుంది. మరీ మండిపోతే ఎవరూ ఇల్లు కదలరు. ఈ గీత ఎక్కడుందో నాకు పదిహేడేళ్లలో పట్టుబడలేదు.

అంకెలు కావాలంటే వండర్‌లా కంపెనీవి చూడండి. కొచ్చిలో 2000లో వీగాలాండ్ పేరుతో మొదలై, బెంగళూరులో 2005లో, మన రావిర్యాల దగ్గర 2016లో పార్కులు పెట్టిన సంస్థ అది. స్టాక్ మార్కెట్లో ఉంది కాబట్టి మూడు నెలలకోసారి ఫుట్‌ఫాల్, అంటే వచ్చిన జనం లెక్క చెబుతుంది. కరోనా తర్వాత 2022-23లో ఈ మూడు పార్కులకూ కలిపి సుమారు 33 లక్షలు వచ్చారు. రెండేళ్లు ఇళ్లలో మూసి పెట్టిన పిల్లలు ఒక్కసారిగా బయటపడ్డ ఏడాది అది. తర్వాతి ఏడాది అంకె కొద్దిగా జారింది. దాన్ని చూసి పార్కుల పని అయిపోయిందని కొందరు రాశారు. నేను ఒప్పుకోను. పొంగు మీదున్న పాలను కొలిచి, పొంగు దిగాక మళ్లీ కొలిచి, పాలు తగ్గాయంటే ఎలా? కరోనాకు ముందు ఏడాదితో పోల్చి చూడాలి.

మీ వ్యాపారానికి పనికొచ్చే మాట ఒకటి. బస్సులు మాట్లాడుకునే ముందు ఏడాది మొత్తం అంకె చూడకండి, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉన్న మూడు నెలల అంకె చూడండి.

పోయిన వేసవిలో మా బాబును తీసుకెళ్తే రెండు వేళ్ల ఎత్తు తక్కువని పెద్ద రైడ్ ఎక్కనివ్వలేదు. వాడు ఇంటి దాకా ఏడ్చాడు. ఈసారి గుంపు లేని రోజు చూసి తీసుకెళ్దామనుకుంటున్నా. ఏ రోజు మంచిదక్కా?
*– గృహిణి, ఖమ్మం*

ఆ ఏడుపు నాకు బాగా తెలుసమ్మా. రైడ్ మెట్ల దగ్గర గీతలు గీసిన చెక్క ఉంటుంది కదా, పిల్లలు దాని పక్కన నిలబడి మునివేళ్ల మీద లేస్తారు. మా కుర్రాళ్లు మోకాళ్ల మీద కూర్చుని మడమలు ఆనించమని బతిమాలేవాళ్లు. ఆ నియమం మాత్రం ఎవరు అడిగినా సడలించకూడదు. సీటు మీదికి దిగే కడ్డీ పొట్టి పిల్లల్ని పట్టి ఉంచలేదు.

బడులు తెరిచాక జూన్ ఆఖరులో గానీ, జులైలో గానీ మంగళవారమో బుధవారమో చూసుకుని ఒక్కరోజు బడి మాన్పించండి. వాన పడితే కొన్ని రైడ్లు కాసేపు ఆపుతారు, అందుకని పొద్దున్నే గేటు తీసే వేళకు అక్కడ ఉండండి. పెద్ద రైడ్లు ముందు తిప్పేసి, నీళ్లలోకి మధ్యాహ్నం దిగండి. బయల్దేరే ముందు రోజు పార్కుకు ఫోన్ చేసి ఆ రైడ్‌కు ఎన్ని సెంటీమీటర్లు ఉండాలో అడగండి. తర్వాత బాబును ఇంట్లో గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద పలక పెట్టి గీత గీయండి. చెప్పులు విప్పించి కొలవండి.