1:3 నిష్పత్తి అంటే మూడో వంతా, నాలుగో వంతా?

1:3లో మొదటి భాగం మొత్తంలో నాలుగో వంతే, మూడో వంతు కాదు. నిష్పత్తి ఒక భాగాన్ని ఇంకో భాగంతో పోలుస్తుంది, భిన్నమేమో భాగాన్ని మొత్తంతో పోలుస్తుంది, కాబట్టి ముందు 1, 3 కూడి మొత్తం 4 భాగాలని తేల్చుకోవాలి. నీలం, తెలుపు రంగులు 1:3లో కలిపి 8 లీటర్లు కావాలనుకోండి: ఒక్కో భాగం 2 లీటర్లు, అంటే నీలం 2, తెలుపు 6. పిల్లలు చాలామంది 8ని 3తో భాగించి, 2.67 దగ్గర ఇరుక్కుపోతారు. ఇంతకంటే మొండి పొరపాటు ఇంకోటుంది: రంగు చాల్లేదని రెండింట్లోనూ ఒక్కో లీటరు పోసి నిష్పత్తి అలాగే ఉందనుకోవడం. అప్పుడది 3:7 అయిపోతుంది, నీలం కాస్త ముదురుతుంది. పెంచాలంటే రెండింటినీ ఒకే సంఖ్యతో గుణించాలి.