తీసుకోని లోన్ మీ పేరు మీద ఉంటే

ఖమ్మం నుంచి ఒక టీచర్ గారి ప్రశ్న: స్కూటీ లోన్‌కి వెళ్తే, నా పేరు మీద 18 వేల పర్సనల్ లోన్ బాకీ ఉందన్నారు. నేను ఎప్పుడూ ఏ లోనూ తీసుకోలేదు. గొడవెందుకు, కట్టేయమంటున్నారు ఇంట్లో. కట్టేయాలా?

కట్టొద్దమ్మా. కడితే పీడా విరగడవుతుందనిపిస్తుంది కానీ, ఆ అప్పు మీదేనని మీరే ఒప్పుకున్నట్టవుతుంది, అందులో కొంత తగ్గించి కట్టించుకుంటే మీ అప్పుల చరిత్ర ఉండే క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' (అప్పు పూర్తిగా తీర్చలేదు) అని పడి ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఇవాళే ఆ క్రెడిట్ రిపోర్టు తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్, అప్పుల లెక్కలు దాచే ఈ నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ రూల్. చాలామంది స్కోరు చూసి మూసేస్తారు. మీరు ముందు ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు ఉన్న చోటు చూడండి, మీది కాని నంబరు కనిపించిందంటే దొంగ అడుగు అక్కడే పడిందన్నమాట. తర్వాత ఎంక్వైరీలు చూడండి. మీ పాన్‌తో ఏ కంపెనీలో, ఏ తేదీన లోన్ అడిగారో అక్కడ ఉంటుంది.

ఆ లోన్ నాది కాదని రిపోర్టు ఇచ్చిన సంస్థకే ఆన్‌లైన్‌లో డిస్ప్యూట్ (అభ్యంతరం) పెట్టండి, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు కూడా ఇచ్చి, ఆ ఫిర్యాదు నంబరు వేసి లోన్ ఇచ్చిన కంపెనీకి మెయిల్ రాయండి: అప్లికేషన్ చూపించండి, కేవైసీ ఫొటో చూపించండి, డబ్బు ఏ అకౌంట్‌లో వేశారో చెప్పండి. ఈ మూడో ప్రశ్నే అసలైనది, ఎందుకంటే డబ్బు మీ అకౌంట్‌కి రాలేదని తేలితే వాళ్ల దగ్గర పెద్దగా జవాబుండదు. డిస్ప్యూట్ పెట్టిన 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి, అది 2024 నుంచి అమల్లో ఉంది. అప్పటికీ కదలకపోతే ఇలాంటి ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, దానికి ఫీజేమీ లేదు.

ఇకముందు నాలుగు రిపోర్టులూ ఒకేసారి తీయకుండా మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాదంతా ఒక కన్నేసి ఉంచినట్టే. బ్యాంకులో మీ ఫోన్ నంబరు పాతదైతే మార్పించండి, మీ రిపోర్టు ఎవరైనా తీస్తే మెసేజ్ వచ్చేది దానికే. ఆధార్, పాన్ జిరాక్స్ ఇచ్చేటప్పుడు ఎందుకిస్తున్నారో, ఏ తేదీనో దాని మీద అడ్డంగా రాసి సంతకం పెట్టండి.

స్కూటీ లోన్ కోసం మాత్రం ఇప్పుడే ఇంకో నాలుగు చోట్ల తిరగకండి, ప్రతి అప్లికేషనూ ఎంక్వైరీగా పడి స్కోరు ఇంకా తగ్గొచ్చు. ఆ ఎంట్రీ పోయిందని రిపోర్టులో కళ్లారా చూశాకే వెళ్లండి.