12 అంగుళాల క్విల్ట్ బ్లాక్‌ను (బట్ట ముక్కలు అతికి కుట్టే దుప్పటిలో ఒక చతురస్రపు భాగాన్ని) 6 అంగుళాలకు తగ్గించాలంటే కొలతలన్నీ సగం చేస్తే సరిపోతుందా?

సరిపోదు. ఒహాయో స్టార్ అనే నక్షత్రం బ్లాక్‌నే ఉదాహరణగా చూద్దాం. అడ్డం మూడు, నిలువు మూడు గళ్లు. నాలుగు మూలల్లోనూ నడుమా మామూలు చతురస్రాలు, మిగతా నాలుగు గళ్లలో నాలుగేసి త్రికోణాలు. 12 అంగుళాల నమూనాలో చతురస్రాలు 4½ అంగుళాలకి, త్రికోణాల కోసం మరికొన్ని 5¼కి కోయమని ఉంటుంది. సగం చేస్తే 2¼, 2⅝ వస్తాయి. రెండూ తప్పే.

ఆ అంకెల్లో కుట్టులోకి పోయే బట్ట కూడా కలిసి ఉంది. బ్లాక్ చిన్నదైనా, పెద్దదైనా కుట్టుకు వదిలేది అంచుకు పావు అంగుళమే, అది సగం కాదు. 2¼ ముక్క కుట్టాక 1¾ అవుతుంది. 2⅝ నుంచి వచ్చిన త్రికోణాల గడి 1.4 దగ్గరే ఆగిపోతుంది. అంటే బ్లాక్ కాస్త చిన్నదవడంతో పోదు, పక్కపక్క గళ్లే అతకవు. చాలామంది ఇక్కడ లాగి సరిపెట్టి కుట్టేస్తారు. ఆ ఉబ్బు ఎంత ఇస్త్రీ చేసినా అణగదు.

కాబట్టి మొదలు కుట్టాక కనిపించే కొలత తేల్చుకోండి. 6ను 3తో భాగిస్తే గడి 2 అంగుళాలు. మామూలు చతురస్రమైతే అర అంగుళం కలపండి: 2½. చతురస్రాన్ని ఐమూలగా ఒకసారి కోసి రెండు త్రికోణాలు చేసేచోట ⅞ కలపాలి. రెండు ఐమూలలా కోసి నాలుగు చేసేచోట 1¼ కలపాలి. ఒహాయో స్టార్‌లో ఉన్నవి ఈ రెండో రకానివే కనుక 3¼. అసలు లెక్కకు ⅞ బదులు 0.854, 1¼ బదులు 1.207 చాలు, స్కేలు మీది గీతలకు అందేలా కాస్త పెంచిన అంకెలివి. మొత్తం మీద 2½వి అయిదు, 3¼వి రెండు రంగుల్లో రెండేసి.

నా మాట వింటే ఆ నాలుగూ 3½కి కోయండి. గడి కుట్టాక 2½కి చుట్టూ సమంగా చెక్కండి. త్రికోణాల మొనలు కలిసే చుక్క నాలుగు వైపుల నుంచీ 1¼ దగ్గర పడాలి. అది ఒక వైపుకు జరిగితే నక్షత్రం కొన కుట్టులోకి పోయి మొద్దుబారుతుంది. చిన్న బ్లాక్‌లో ఇది దాగదు. కుట్టుల సంఖ్య అంతే ఉంటుంది, బ్లాక్ మాత్రం సగమైంది కదా. ఒక్కో అంచులో 1/32 అంగుళం తేడా వచ్చినా, వరుసలో రెండు కుట్టులు, నాలుగు అంచులు కలిసి ⅛ అవుతుంది.

జాకెట్లు కుట్టి అలవాటైన చెయ్యి కుట్టు పక్కన మార్జిన్ ధారాళంగా వదులుతుంది. ఇక్కడ అది పనికిరాదు. బట్ట మడత తిరిగేచోట కూడా కొంత పోతుంది కాబట్టి పావు అంగుళానికి దారమంత లోపలే కుట్టాలి. కుట్టు పొడవు 1.8 మిల్లీమీటర్లు, 70 నంబరు సూది, సన్నని నూలు దారం. అంగుళం ముక్కల్లో వెనకాల రెండు వైపుల మార్జిన్‌లే సగం చోటు ఆక్రమిస్తాయి. అందుకే మార్జిన్‌ను విడదీసి ఇస్త్రీ చేయాలి, లేదా కుట్టాక ⅛కి కత్తిరించాలి. ముందే ⅛ వదిలి కుట్టకండి, పోగులు ఊడిపోతాయి.

అన్ని బ్లాకులూ 6కు ఒదగవు. బేర్స్ పా అనే బ్లాక్‌లో వరుసకు ఏడు గళ్లు, 6ను 7తో భాగిస్తే స్కేలు మీద లేని అంకె వస్తుంది. దాన్ని 5¼కి తగ్గిస్తే గడి ముప్పావు అంగుళం, 7కి తగ్గిస్తే సరిగ్గా అంగుళం. గడి కొలత తేలికగా వచ్చే సైజు ఎంచుకోవాలి, దుప్పటి సైజును దాన్నిబట్టి సర్దుకోవాలి.

చిన్న బ్లాకులకు బట్ట తక్కువ పడుతుందన్న నమ్మకం వదిలేయండి. 12 అంగుళాల బ్లాక్ చోటు నింపడానికి 6 అంగుళాలవి నాలుగు కావాలి. 4½ ముక్క ఒక్కటి 20¼ చదరపు అంగుళాలైతే, 2½వి నాలుగు 25. బట్టే దాదాపు పావు వంతు ఎక్కువ. పెద్ద పూల అచ్చు అసలు వద్దు, 2 అంగుళాల ముక్కలో పువ్వు ఉండదు, రంగు మచ్చ ఉంటుంది.

గడి ముప్పావు అంగుళం కంటే చిన్నదైతే కాగితం మీద కుట్టే పద్ధతే నయం, అంటే నమూనా ఉన్న కాగితానికి బట్ట ముక్కలు ఆనించి గీతల మీదే కుట్టడం. నమూనాను జిరాక్స్‌లో 50 శాతానికి తగ్గిస్తే చుట్టూ ఉన్న మార్జిన్ గీత కూడా ⅛ అయిపోతుంది. దాన్ని కొట్టేసి, పావు అంగుళం దూరంలో స్కేలుతో మళ్లీ గీసుకోండి. ప్రింటర్‌లో పేజీకి సరిపెట్టే సెట్టింగ్ తీసేసి, మొదటి కాగితం మీద ఒక అంగుళం గీతను కొలిచి చూశాకే మిగతావి తీయండి.