ఇల్లు చూడ్డానికి పార్టీలు వస్తున్నారని మళ్లీ లోనా? వద్దండీ

ప్రశ్న: కూకట్‌పల్లిలో మా టూ బీహెచ్‌కే ఫ్లాట్ 72 లక్షలకి అమ్మకానికి పెట్టాం. నాలుగు నెలల్లో ఇరవై మంది దాకా చూసెళ్లారు. బ్రోకర్ మాట విని ఎఫ్‌డీ తీసేసి, 14 శాతానికి 4 లక్షలు పర్సనల్ లోన్ కూడా తీసుకుని మాడ్యులర్ కిచెన్, పెయింటింగ్ చేయించాం. ఇప్పుడొక పార్టీ 64కి అడుగుతూ 2 లక్షలు క్యాష్ టోకెన్ ఇస్తామంటున్నారు. గోల్డ్ లోన్ పెట్టి ఫాల్స్ సీలింగ్ కూడా వేయిస్తే రేటు పెరుగుతుందా?

వద్దండీ, ఆ బంగారం బీరువాలోనే ఉంచండి. ఇల్లు అమ్ముడవకముందే అప్పు చేసి ఇంటికి మేకప్ వేయడం చాలామంది చేస్తున్న తప్పే, అందుకే మీ ఉత్తరానికి ఇంత వివరంగా రాస్తున్నా. మీరే రాశారు, బాత్రూమ్ వెనక గోడకి చెమ్మ ఉందని, వచ్చిన పెద్దాయన దాని మీద వేలితో కొట్టి చూసి ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయారని. ఆయన కిచెన్ చూడలేదండీ, చెమ్మ చూశారు! ముందు ప్లంబర్‌ని పిలిచి ఆ లీకేజీ ఆపించండి.

అసలు బాధ వేరే ఉంది. ఇంటి ఖర్చు 35 వేలు, హోమ్ లోన్ 28 వేలు, కొత్త లోన్ ఈఎంఐ 9,300, అంటే నెలకి 72 వేల పైనే కావాలి, మీ అకౌంట్‌లో చూస్తే 40 వేలున్నాయి. "ఎందుకు అమ్ముతున్నారు" అని పార్టీ అడిగితే మీ నాన్నగారు "ఈఎంఐలు కట్టలేకపోతున్నాం" అనేశారట, 72 కాస్తా 64 అయింది అక్కడే. ఆషాఢం, మూఢం వస్తే చూసినవాళ్లు కూడా అడ్వాన్స్ ఇవ్వరు, బ్యాంకు మాత్రం ఆగదు కదా. కనీసం ఆరు నెలల ఖర్చు, ఈఎంఐలతో కలిపి, చేతిలో లేకుండా ఇల్లు అమ్మకానికి పెట్టకూడదు. మ్యూచువల్ ఫండ్స్‌లో ఉన్న 3 లక్షలు కదిలించకూడదని లోన్‌కి వెళ్లానన్నారు, అది తిరగేసి చేసిన లెక్క. వాటిని తీసి సేవింగ్స్‌లో వేయండి, ఉన్న 40 వేలతో కలిపి నాలుగున్నర నెలలు గడుస్తుంది, ఫండ్స్‌లో నెలనెలా వేసే సిప్‌లు కూడా అప్పటిదాకా ఆపండి.

పార్టీలని పొద్దున పది పన్నెండు మధ్యే రమ్మనండి, వెలుతురు బాగుంటుంది. మాట్లాడేది ఒక్కరే, అర్జెంట్ అన్న మాట ఎవరి నోటా రాకూడదు. నగలు, ఒరిజినల్ డాక్యుమెంట్లు బయట పెట్టొద్దు, మీ ఒరిజినల్స్ ఎలాగూ బ్యాంకులోనే ఉన్నాయి కాబట్టి ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు), హోమ్ లోన్ ఇంకా ఎంత బాకీ ఉందో బ్యాంకు ఇచ్చే లెటర్, వీటి జిరాక్సులు ఒక ఫైల్లో పెట్టి చూపించండి, గట్టిగా అడిగినవాళ్లకే సెట్ ఇవ్వండి. వాస్తు ఆయన్ని తెచ్చుకుంటామంటే తెచ్చుకోనివ్వండి.

క్యాష్ టోకెన్ అస్సలు ముట్టుకోవద్దు. ఆస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన క్యాష్‌గా తీసుకుంటే తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చు. 50 లక్షలు దాటిన డీల్ కాబట్టి కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (మీ పేరున ముందే కట్టే పన్ను) పట్టుకుంటారు, అదీ లెక్కలో ఉంచుకోండి. క్యాపిటల్ గెయిన్స్, అంటే అమ్మిన లాభం మీద పన్ను సంగతి ఆడిటర్‌తో ఒకసారి కూర్చోండి.

64 పార్టీకి ఈ వారం ఏమీ చెప్పకండి. ఫండ్స్ డబ్బు అకౌంట్‌లో పడి, గోడ ఆరాక వాళ్లనే మళ్లీ ఒకసారి చూడ్డానికి పిలవండి, అప్పుడు 70 దగ్గర మాట మొదలుపెట్టండి.