గోల్ఫ్‌లో డ్రైవర్‌తో కొడితే బంతి కుడికెందుకు పోతోంది?

ప్రశ్న: నాది కుడిచేతి వాటం. ఏడో నంబరు ఐరన్‌తో (కాస్త పొట్టి గోల్ఫ్ కర్ర, అంటే క్లబ్) బంతి నేరుగా వెళ్తుంది, డ్రైవర్‌తో (బాగా పొడవైన క్లబ్) కుడికి వంగిపోతోంది. ఎందుకండీ?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: డ్రైవర్ పొడవు ఎక్కువ, బంతికి దూరంగా నిలబడతాం. అందుకే అది తిరిగే తలం (ఊపులో క్లబ్ గీసే వాలు) ఐరన్ తలం కంటే నేలవైపు వాలి ఉండాలి. మీరు ఐరన్‌లాగే పైనుంచి దింపుతున్నట్టున్నారు. క్లబ్ బయటినుంచి లోపలికి కోసుకొస్తుంది. క్లబ్ ముఖం (బంతికి తగిలే వైపు) ఆ దారికి కుడిగా తెరుచుకుంటే బంతి కుడికి తిరుగుతుంది. నేనూ రెండేళ్లు ఇలాగే చేతుల బలంతో కొట్టాను. లెక్క చూడండి: 200 గ్రాముల క్లబ్ తల సెకనుకు 40 మీటర్ల వేగంతో, ఒకటిన్నర మీటరు వ్యాసార్థంలో తిరిగితే, చేతుల్ని దాదాపు 22 కిలోల బరువంత లాగుతుంది! దాన్ని ఆపాల్సింది కాళ్లు, నడుము. క్లబ్‌ను కిందికి దింపేటప్పుడు ముందుగా ఎడమకాలిపై బరువు వేసి తుంటి తిప్పండి, చేతులు వాటంతటవే వస్తాయి.