హైదరాబాద్ ఎండకు గార్డెన్ ఫ్లాక్స్ ఆగుతుందా?

మిద్దె మీద కుండీల్లో, పడమటి ఎండ కొట్టేచోట, ఆన్‌లైన్‌లో తెప్పించిన గార్డెన్ ఫ్లాక్స్ అనే పూలమొక్క గింజలు వేయొచ్చా అని అడిగారు. ముందు ప్యాకెట్ వెనక శాస్త్రీయ నామం చూడండి. ‘ఫ్లాక్స్ పానిక్యులేటా’ అని ఉంటే దాని మీద ఆశ పెట్టుకోకండి. అది అమెరికా తూర్పు ప్రాంతపు మొక్క, నడుమెత్తు పెరుగుతుంది, ఏటా చలికి ఎండి మళ్లీ దుంప నుంచి చిగురిస్తుంది. ఆ చలి మనకెక్కడిది? గింజ మొలవడానికే కొన్ని వారాలు చల్లదనం కావాలి.

‘ఫ్లాక్స్ డ్రమ్మండై’ అయితే నిశ్చింతగా వేసుకోండి. నవంబరులో మన నర్సరీల్లో ఉత్త ‘ఫ్లాక్స్’ పేరుతో దొరికే నారు ఎక్కువగా ఇదే. 1830ల్లో థామస్ డ్రమ్మండ్ అనే స్కాట్లాండ్ ఆయన టెక్సస్‌లో సేకరించి పంపిన గింజలతో ఇది బ్రిటన్ తోటలకెక్కింది. టెక్సస్‌ది కదా, మే ఎండ దీనికో లెక్కా అనుకునేరు! అక్కడైనా వసంతంలో పూసి, ఎండలు ముదిరేసరికి గింజ రాల్చి పోయేదే.

నేను దసరా వెళ్లి వానలు వెనకపట్టాక నారు పోస్తాను. అంతకంటే ముందు, వేడి తగ్గకుండా పోస్తే మొలక సరిగ్గా రాదు. ఈ గింజకు చీకటి కావాలి, అందుకని సన్నని మట్టి పైన కప్పి, మొలక కనబడేదాకా తడి గోనెసంచి పరుస్తాను. మొలక తొంగిచూసిన రోజే సంచి తీసేయాలి, లేకపోతే నారు తెల్లగా సాగిపోతుంది. నాలుగైదు ఆకులొచ్చాక జానెడు ఎడంలో నాటి, కాస్త ఎదగగానే తల తుంచేస్తే పక్క కొమ్మలు గుబురుగా వస్తాయి. సంక్రాంతికి కుండీ నిండా పూలే.

నీళ్లు పొద్దున్నే, మొక్క మొదలు దగ్గర పోయండి. సాయంత్రం ఆకుల మీద చల్లితే తెగుళ్లు రావొచ్చు. వాడిన గుత్తులు కత్తిరిస్తుంటే మార్చిదాకా పూస్తుంది. మీ పడమటి ఎండ చలికాలంలో మంచిదే, ఫిబ్రవరి చివర్లో మాత్రం కుండీలు తూర్పుకి జరపండి.

గింజ దాచుకోవాలంటే కాయలు పసుపు తిరగగానే కోసి కాగితం కవర్లో వేయండి. మొక్క మీదే ఎండనిస్తే టప్‌మని పగిలి గింజలు ఎక్కడో పడతాయి, ఏరలేం. ఖాళీ అయిన కుండీల్లో వేసవికి బిళ్ళగన్నేరు పెట్టుకోండి, పడమటి ఎండను అది లెక్కచేయదు.