పాత విమానానికి రంగు కన్నా కప్పు ముఖ్యం

ప్రశ్న: మేం కొందరం కలిసి ఒక చిన్న విమానాల మ్యూజియం నడుపుతున్నాం. ఒక పాత జెట్ ఫైటర్ ఆరుబయటే ఉంటుంది. మూడేళ్లకోసారి గీకించి కొత్త రంగు వేయిస్తున్నాం. అయినా రెక్కల అతుకుల దగ్గర రంగు పొక్కి తెల్లటి పొడి రాలుతోంది. తప్పు ఎక్కడుంది?

జవాబు: గీకించడంలోనే ఉంది. విమానం పైరేకులో ఎక్కువగా వాడేది అల్యూమినియంలో కాస్త రాగి కలిపిన మిశ్రమం. ఆ రాగి వల్లే రేకుకు బలం, ఆ రాగి వల్లే నీళ్లు తగిలితే తొందరగా పాడయ్యే గుణం. అందుకని చాలా రేకులకు రెండు వైపులా స్వచ్ఛమైన అల్యూమినియం పొర పల్చగా అంటించి తయారు చేస్తారు, దాన్ని ఆల్‌క్లాడ్ అంటారు. మీ పెయింటర్ ఎమ్రీ పేపర్ పట్టుకుని రుద్దిన ప్రతిసారీ ఆ పొర కొంత పోతుంది, కొన్నాళ్లకు మీరు కాపాడాలనుకున్న రేకుకు దాని కవచాన్ని మీరే తీసేసినట్టవుతుంది.

ఆ తెల్లపొడి అల్యూమినియం తుప్పే. ఇనుప తుప్పులా ఎర్రగా కనిపించదు కాబట్టి దుమ్మేమో అనుకుని తుడిచేస్తాం. మామూలు లోహం కన్నా అది ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే తడిసిన పుస్తకంలా రేకు పొరలు పొరలుగా ఉబ్బుతుంది, ఒక్కోసారి రివెట్ల తలలు ఊడిపడతాయి. స్టీలు బోల్టు అల్యూమినియంలో బిగించి ఉన్న చోట ఇది ఇంకా వేగంగా జరుగుతుంది, మధ్యలో తడి చేరితే ఆ రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో కరిగిపోయేది అల్యూమినియం. కొన్ని పాత విమానాల చక్రాల్లో, గేర్‌బాక్సుల్లో మెగ్నీషియం కూడా ఉంటుంది, దాని సంగతి మరీ ఘోరం.

కాబట్టి ఒక వాన పడ్డాక టార్చి, చిన్న అద్దం పట్టుకుని విమానం కిందికి దూరండి. పొట్టభాగంలో, రెక్కల అడుగున నీళ్లు కారిపోవడానికి సన్నని రంధ్రాలుంటాయి. మట్టితోనో, పిట్టగూళ్లతోనో, మీరే వేయించిన రంగుతోనో అవి మూసుకుపోయి ఉంటే సన్నని పుల్లతో తెరవండి. మీ విమానాన్ని ముక్కు పైకెత్తి స్తంభం మీద నిలబెట్టారా? అలాగైతే ఆ రంధ్రాలు తెరిచినా లాభం లేకపోవచ్చు, ఎందుకంటే నేల మీద చక్రాలపై నిలబడినప్పుడు ఏది అడుగో లెక్కేసి పెట్టారు వాటిని, ఇప్పుడు నీళ్లు నిలిచే చోటు వేరు. హైప్రెషర్ పైపుతో కడగడం ఈ రోజే మానేయండి, దాని జోరుకు నీళ్లు అతుకుల్లోకి వెళ్లిపోతాయి. గాఢత లేని సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. పిట్టల రెట్ట మాత్రం కనిపించిన రోజే తుడవండి. టార్పాలిన్ బిగించి చుట్టేస్తే తేమ లోపలే ఉండిపోయి మొదటికే మోసం వస్తుంది. నాలుగు స్తంభాల మీద గోడల్లేని రేకుల కప్పు వేసినా ఎండ, వాన రెండూ చాలావరకు తప్పుతాయి.

ఉప్పు గురించి కూడా ఒక మాట. 2013లో ఇంగ్లండ్ తీరంలో సముద్రం అడుగు నుంచి డోర్నియర్ 17 అనే జర్మన్ బాంబర్‌ని బయటికి తీశారు. దాన్ని కాస్‌ఫర్డ్‌లోని ఆర్‌ఏఎఫ్ (బ్రిటన్ వైమానిక దళం) మ్యూజియానికి తెచ్చి నెలల తరబడి పల్చటి సిట్రిక్ ఆసిడ్ కలిపిన నీళ్లు చల్లుతూనే ఉన్నారు, రంగు మాట తర్వాత, ముందు లోహంలోని ఉప్పు వదలాలి.

ప్రశ్న: కాక్‌పిట్ పైకప్పు అద్దం మసకబారి సన్నని గీతలు పడింది. ఇంట్లో కిటికీలు తుడిచే లిక్విడ్ వాడుతున్నాం.

జవాబు: వెంటనే ఆపండి. అది గాజు కాదు, యాక్రిలిక్ అనే ప్లాస్టిక్. అలాంటి లిక్విడ్లలో చాలావాటిలో అమ్మోనియానో ఆల్కహాలో ఉంటుంది, ఆ గీతల్లో చాలావాటికి అదే కారణం కావచ్చు. ముందు నీళ్లు పోసి దుమ్ము వదిలించి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవాలి. పొడిగుడ్డ పెట్టి రుద్దొద్దు.

ప్రశ్న: సెలవుల్లో పిల్లల్ని కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి ఫొటోలు తీద్దామనుకుంటున్నాం. పర్వాలేదా?

జవాబు: రెండు విషయాలు తేలేదాకా వద్దు. మొదటిది ఎజెక్షన్ సీటు, అంటే ప్రమాదంలో పైలట్‌ను తనతో సహా బయటికి ఎగరేసే సీటు. దాన్ని పేల్చే మందుగుండు తీసేశారని ఎవరో నోటిమాటగా చెబితే సరిపోదు, అధికారం ఉన్న నిపుణులు చూసి ఇచ్చిన కాగితం మీ దగ్గర ఉండాలి. కాక్‌పిట్ పైకప్పును ఊడగొట్టడానికి కూడా కొన్ని విమానాల్లో విడిగా మందుగుండు ఉంటుంది, దాని గురించీ అడగండి.

రెండోది డయల్స్. 1960ల దాకా కూడా చీకట్లో కనబడాలని అంకెలకు రేడియం అనే రేడియోధార్మిక లోహం కలిపిన రంగు పూసేవారు. ఇప్పుడు అవి వెలగడం లేదు కదా అని ధైర్యం తెచ్చుకుంటారు చాలామంది, నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను. వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్ పాడైపోయింది, అంతే. రేడియం సగానికి తగ్గడానికే దాదాపు 1600 ఏళ్లు పడుతుంది. పైగా దాన్నుంచి వచ్చే రేడాన్ వాయువు మూసి ఉంచిన కాక్‌పిట్‌లో పేరుకుంటుంది. కాబట్టి తెరిచి గాలి ఆడనివ్వండి, రేడియేషన్ కొలిచేవాళ్లను పిలిపించి చూపించండి, ఏ డయల్‌నీ విప్పొద్దు. గాజు పగిలి రంగు పొట్టు రాలుతుంటే అసలు తాకొద్దు.

ప్రశ్న: ఇంజన్ బాగుచేయించి మళ్లీ ఎగిరేలా చేయలేమా? మా కుర్రాళ్లు ఒకటే గొడవ.

జవాబు: కుర్రాళ్లకు కీ బర్డ్ కథ చెప్పండి. అది ఒక బీ-29 బాంబర్. 1947లో గ్రీన్‌లాండ్‌లో గడ్డకట్టిన సరస్సు మీద దిగి అక్కడే ఉండిపోయింది. 1994లో కొందరు వెళ్లి బాగుచేయడం మొదలుపెట్టారు, ఇంజన్లు మార్చారు, 1995 మే నెలలో ఎగరడానికి మంచు మీద కదిలించారు కూడా. జనరేటర్ ట్యాంకు నుంచి పెట్రోలు కారి మంటలంటుకున్నాయి. 48 ఏళ్లు మంచులో నిలిచిన విమానం ఒక్క రోజులో కాలిపోయింది. మంట సంగతి పక్కన పెట్టినా, ఎగరాలంటే నమ్మకంలేని ప్రతి భాగాన్నీ కొత్తదానితో మార్చాలి, చివరికి పాతదెంత మిగిలిందో వెతుక్కోవాలి.

అలాగని మార్చడమే తప్పని కాదు. రైట్ సోదరుల 1903 నాటి విమానానికి 1927లో ఒకసారి, 1985లో మరోసారి బట్ట మార్చారు. ఏం మార్చారో రాసిపెట్టారు కాబట్టే ఇవాళ మనకు తెలుస్తోంది. మీరూ ఒక స్క్రూ తీసినా ముందు ఫొటో తీసి, తేదీ వేసి, రిజిస్టర్‌లో రాయండి. పాత అక్షరాలు, గుర్తుల మీద పారదర్శకమైన షీటు పరిచి కొలతల ప్రకారం గీసుకోండి.

ప్రశ్న: ఇంకో పాత విమానం ఉచితంగా ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: పెట్టడానికి కప్పున్న చోటు ఉందా? లేకపోతే వద్దనండి. మెంఫిస్ బెల్ అంత పేరున్న బీ-17 బాంబర్ కూడా రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏళ్ల తరబడి ఆరుబయటే ఉంది, జ్ఞాపకంగా తలా ఒక ముక్క పట్టుకుపోయారు. 2005లో డేటన్‌లోని అమెరికా వైమానిక దళ మ్యూజియానికి చేరాక, దాన్ని బాగుచేసి జనానికి చూపించేసరికి 2018 వచ్చింది. అంత పెద్ద మ్యూజియానికే 13 ఏళ్లు పట్టింది. కాదంటే ఇచ్చేవాళ్లు నొచ్చుకుంటారని మొహమాటపడకండి. దాన్ని తెచ్చుకోవడానికయ్యే క్రేన్, లారీ ఖర్చుతో ముందు ఆ జెట్ మీద రేకులు వేయించండి.